నూకుడు

తాళం తిప్పితే
లోపల్నుంచి టక్కుమని ఒక్క సప్పుడు.
అంతే.
ఇంట్ల మనిషి ఉండి కూడ
తలుపు తియ్యనట్టు.

పదకొండు నెలలు గట్లనే నడిచింది బండి.
నడిచిందంటే, నడిపిచ్చిన్రు.
చప్పల్‌బజార్ గల్లీల పొద్దుగాల ఏడింటికి
నేను గేటు తీసిన సప్పుడుకే
ఇస్త్రీబండి సత్తెమ్మ పెట్టెను పక్కకు నిలబెట్టేది,
ట్యూషన్ పోరగాండ్లు సంచులు గోడకానిచ్చేటోళ్ళు,
మూడో అంతస్తు బ్యాంకు సారు
అంగీకి మరకైతదని ఒక్క చెయ్యే ఏసేటోడు.
సెకండ్ గేర్ల పెట్టి, క్లచ్ తొక్కి,
"ఆఁ... ఇగ నూకుండ్రి!"
పిండిగిర్నీ మలుపుదాక ఉరికి
ఒక్క దగ్గు దగ్గి లేచేది ముసల్ది.
ఎనక పొగల పిల్లల చప్పట్లు.

అరవై ఆరు మోడల్ హెరాల్డ్.
నాది కాదు, ఎస్తేరు డాక్టరమ్మది.
ఇరవై రెండేండ్లు నేను తోలిన.
రాత్రి ఒంటిగంటకు గోలీగూడ,
రెండింటికి కాచిగూడ రైల్వే క్వార్టర్లు,
కర్ఫ్యూల తెల్లగుడ్డ కట్టుకొని ఒకసారి ఆలియాబాద్.
ఎన్ని కాన్పులో ఆమె రాసుకున్నది,
ఎన్ని మైళ్ళో నేను రాసుకున్న.
పోయేముందు బండి నా పేర పెట్టింది,
పెట్రోలు సంగతి మరిచింది.

జుమ్మేరాత్ బజార్ల దొరికింది చివరికి.
కుట్టుమిషను కాళ్ళు, ముండ్లు లేని గడియారాలు,
గోనెపట్టా మీద పిల్లి పక్కన
లూకాస్ స్టార్టరు.
అమ్మేటోనికి అదేందో తెల్వది,
నీళ్ళ మోటరనుకున్నడు.
నాకూ తెల్వనట్టే బేరం చేసిన.

వహీద్ ఉస్తాద్ దాన్ని కాలుకింద తొక్కిపట్టి
బ్యాటరీ వైర్లు తగిలిచ్చిండు.
పట్టుకున్న కోడి లెక్క గుంజుకున్నది.
"జిందా హై," అన్నడు.

హెరాల్డ్ మూతి మొత్తం ముందలికి ఒంగుతది.
ముందు టైరు మీదనే కూసున్నడు ముసలాయన.
బ్యాటరీ వైరు పీకినవా, పీకినవా అని
మూడుసార్లడిగిండు.
ఉంగరం లేని ఏలు చూపిచ్చిండు,
ఉంగరం ఉన్ననాటి కాలిన మచ్చ.

పై బోల్టు కండ్లకు కనబడ్తది.
కింది బోల్టు ఏళ్ళకే.
పానా మెల్లగ లోపలికి పంపి
కండ్లు మూసుకున్నడు ఉస్తాద్.
డాక్టరమ్మ గూడ గిట్లనే
గోడ దిక్కు సూసుకుంట బిడ్డ తల ఎతికేదంట,
అరుగు మీద కూసున్న నాకు
ముసలమ్మలు చెప్పెటోళ్ళు.

వచ్చింది పాతది.
నల్లగ, నూనె కారుకుంట.
తువ్వాల్ల పట్టుకున్న.
పండ్లు సగం అరిగినయి, నా లెక్కనే.

"దీని నౌకరీ రెండు సెకన్లు, లింబాద్రీ.
దుంకాలె, చక్రం పండ్లు పట్టాలె, తిప్పాలె.
ఇంజను లేవంగనే ఎనక్కి రావాలె.
నేనే నడిపిస్తున్నననుకొని ఆడనే ఉంటె
అదే ఇరుగుతది."

బిడ్డ ఏడ్పు ఇనబడంగనే
చేతులు కడుక్కొని బయటికొచ్చేది డాక్టరమ్మ.
ఛాయ్ తాగి పొమ్మన్నా ఆగేది కాదు.
"బండి తియ్యి" అనేది.
కొడుకో బిడ్డో
నేనెప్పుడూ అడగలే.

తెల్లారి ఏడింటికి గేటు తీసి తాళం తిప్పిన.
గుర్రుమని లేచింది,
ఒక్కటే ఊపుల.

సత్తెమ్మ చేతిల పెట్టె గాల్లనే ఆగింది.
పోరగాండ్ల సంచులు అప్పటికే గోడకున్నయి.
బ్యాంకు సారు అంగీ చెయ్యి సగం మడిచి
మెట్ల కాడ నిలవడ్డడు.
"లేచిందా?" అన్నది సత్తెమ్మ,
ఏదో మోసం చేసినట్టు.

ఏం చెయ్యాలె?
తాళం బంద్ చేసిన.
"లేవలే," అన్న. "మల్ల మొండికేసింది."

సెకండ్ గేర్. క్లచ్.
అద్దంల చూసిన:
బ్యాంకు సారు ఈసారి
రెండు చేతులేసిండు.